మా అవ్వ బోణీ బేరం

ఆ రోజుల్లో నాకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. డిగ్రీ చేతికొచ్చిన కొత్త. తర్వాత ఏం చేయాలో తోచక, తోచేలోపల ఇంట్లో ఉన్న మనుషులందర్నీ బాగుచేసి పెడదామని నడుం కట్టిన వయసు. ఆ వయసులో అందరికీ ఇంతేనేమో. మనుషులు చెడ్డ అలవాట్లు మానకపోవడానికి కారణం వాళ్లకు తెలియకపోవడమేననీ, తెలియజెప్పి దానికి బదులుగా నాలుగు మంచివి చూపిస్తే ఇట్టే మారిపోతారనీ నాకు గట్టి నమ్మకం. నాలుగు చూపిస్తే మారే మనిషి నలభై చూపిస్తే ఇంకెంత తొందరగా మారాలి? (డిగ్రీలో నాకు లెక్కలు ముఖ్యమైన సబ్జెక్టు. మార్కులు కూడా బాగానే వచ్చాయి. అందుకే ఎవరి మాటా వినేదాన్ని కాదు.) ఆ లెక్క ఎక్కడ తప్పిందో మా అవ్వ నాకు నేర్పించింది. నేర్పించేలోపల నా ప్రాణం తోడేసింది.

మాది మార్కాపురం. బజారులో నాయనకు చీరల దుకాణం ఉండేది. పేరుకు నాయనది గాని అది అవ్వ దుకాణమే. తాత పోయేనాటికి నాయన ఇంకా హైస్కూల్లో ఉన్నాడట. అప్పటి నుంచి నాయన చేతికి అందివచ్చేదాకా దుకాణంలోని తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని చీరలు అమ్మింది మా అవ్వే. మోకాళ్లు మొరాయించాక పరుపు దిగింది, పెత్తనం దిగలేదు. శుక్రవారం శుక్రవారం పొద్దున్నే నాయన స్కూటరు వెనక కూర్చుని వచ్చి, దుకాణంలో దీపం పెట్టి, బోణీ అయ్యేదాకా అక్కడే ఉండేది. బోణీ విషయంలో ఆమెవి మూడు చట్టాలు. పొద్దున మొదట మెట్టెక్కిన మనిషి ఉత్త చేతులతో మెట్టు దిగకూడదు. సరుకు పట్టుకుని చూశాక వద్దనకూడదు. అప్పు పెట్టకూడదు, అప్పటికప్పుడు చేతిలో ఏదో ఒకటి పడాలి. ఒకసారి ఎవరో ఒకామె బోణీ వేళ జాకెట్టు గుడ్డ పట్టుకుని చూసి, రంగు నచ్చలేదని వెళ్లిపోతే, అవ్వ ఆ మోకాళ్లతోనే ఆమె వెంటబడి బస్టాండు దాకా పోయి, గుడ్డ ఆమె చేతిలో పెట్టి, ఆమె ఎంతిస్తే అంత తీసుకుని వచ్చింది. మధ్యాహ్నం దాకా రొప్పుతూనే ఉంది. అయినా ముఖం మాత్రం వెలిగిపోతూ ఉంది.

ఇంత పద్ధతైన మనిషికి ఉన్న ఒకే ఒక్క దురలవాటు పొగాకు. నడుముకు గుడ్డ తిత్తి కట్టుకునేది, దాని నిండా ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, పొగాకు కాడలు. పొద్దున కాఫీ కాగానే ఎడమ దవడన పెట్టుకున్న ముక్క అన్నం వేళకు బయటికి వచ్చేది. అన్నం తిన్న నోరు ఆరకముందే ఇంకో ముక్క లోపలికి పోయేది. మాటలన్నీ కుడివైపు నుంచే. (చిన్నప్పుడు నేను అవ్వలందరికీ ఒక బుగ్గ ఎత్తుగా ఉంటుందనే అనుకునేదాన్ని. పక్కింటి అవ్వకు రెండు బుగ్గలూ సమానంగా ఉండటం చూసి పాపం ఏం జబ్బో అనుకున్నాను కూడా.)

ఒక వేసవిలో అవ్వ గోంగూర పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకుని, బుగ్గ పట్టుకుని, కంచం పక్కకు జరిపింది. రెండో పూటా అంతే. మూడో పూటకు మజ్జిగన్నం అడిగింది. మా ఇంట్లో అవ్వ కారం వద్దన్నదంటే అది మామూలు సంగతి కాదు. అమ్మ బలవంతాన నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే, ఎడమ దవడ లోపల తెల్లటి మచ్చ. పాతగోడ మీద సున్నం పెచ్చులాగా ఉంది.

పళ్ల డాక్టరు దగ్గరికి నాయనా నేనూ తీసుకెళ్లాము. ఆయన చాలాసేపు చూసి, చేతి తొడుగులు తీసి, "ఇప్పటికి ఇది మచ్చే అవ్వా. పొగాకు, వక్క పూర్తిగా మానేస్తే తగ్గే అవకాశం ఉంది. మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి, తర్వాత సంగతి నేను చెప్పలేను. దసరా లోపల మళ్లీ తీసుకురండి" అన్నాడు. అవ్వ బుద్ధిగా తలూపింది. బయటికి వచ్చాక నాయన స్కూటరుకు దుకాణం తాళం పెట్టి తిప్పాడు. పెద్దారవీడులో అవ్వ చెల్లెలు ఉండేది. ఆమెకూ ఇదే అలవాటు, ఇదే దవడ. ఆఖరి రోజుల్లో గుడ్డ గంజిలో తడిపి ఆమె నోట్లో పిండాల్సి వచ్చిందని అమ్మ చెప్పేది. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా ముగ్గురిలో ఎవరమూ ఆమె పేరు ఎత్తలేదు. అవ్వ మాత్రం దారిలో తిత్తి విప్పి ఒక ముక్క దవడన పెట్టుకుంది.

మొదట అమ్మ తన పద్ధతిలో ప్రయత్నించింది. తిత్తి దాచిపెట్టి, ఒక గిన్నెలో లవంగాలు పోసి, "ఇంక ఇవేనత్తా, ఇంకేం లేవు" అన్నది. అవ్వ మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రం కాఫీ ముట్టలేదు. దీపాలవేళకు పక్కింటివాళ్లు వచ్చి "మీ అవ్వకు అన్నం పెట్టడం లేదంట గదా" అని అడిగేసరికి అమ్మ తిత్తి తెచ్చి మంచం మీద విసిరేసింది. అప్పుడు నేను రంగంలోకి దిగాను. అమ్మకు మనుషుల మనసు తెలియదనీ, ఒకటే ఇచ్చి ఇదే తినమంటే ఎవరికైనా మొండితనం వస్తుందనీ, స్వేచ్ఛ ఉండాలనీ, ఎంపిక ఉండాలనీ ఉపన్యాసం ఇచ్చాను. నాయన నా వైపు మురిపెంగా చూశాడు. చదివించినందుకు ఫలితం కనిపించిందనుకున్నాడేమో.

అప్పుడప్పుడే ఇంట్లోకి స్మార్ట్‌ఫోను వచ్చిన రోజులు. పొగాకుకు బదులు ఏం నమలాలో అందులో వెతికితే సగం కిరాణా కొట్టు కనిపించింది. మిగతా సగం గిద్దలూరు నుంచి వచ్చింది. గిద్దలూరులో మా మేనత్తకు కిరాణా దుకాణం ఉంది. నేను ఫోన్ చేసి సంగతి చెప్పగానే బస్సు డ్రైవరు చేత ఒక పెద్ద సంచీ పంపింది. "అమ్మకు ఏది నచ్చుతుందో ఏమో పాపా, అన్నీ కొంచెం కొంచెం పెట్టినాను. కాదంటే చెప్పు, ఇంకా పంపిస్తా" అన్నది. సోంపు, రంగు సోంపు, చక్కెర సోంపు, ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క, వాము, శొంఠి, ధనియాల పప్పు, పటికబెల్లం, ఎండు ఉసిరి, ఉప్పు ఉసిరి, కరక్కాయ, ఖర్జూరం, అల్లం మురబ్బా. పోపుల డబ్బాలు చాలక అమ్మ పెళ్లినాటి స్టీలు డబ్బాలు అటక మీద నుంచి దించాము. అవన్నీ అవ్వ మంచం పక్కన బల్ల మీద వరసగా సర్ది, నేను రెండు చేతులూ దులుపుకుని, "ఇందులో నీకు ఏది కావాలంటే అది అవ్వా. నీ ఇష్టం" అన్నాను. ఆ రెండు మాటలు అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నా నాలుక కొరుక్కున్నానో నాకే తెలుసు.

అవ్వ ఎంత సంతోషంగా ఒప్పుకుందంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మొదటి డబ్బాలో సోంపు తీసి నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, "బాగనే ఉందే. ఇంకేమన్నా ఉంటే చూపించు" అన్నది. ఏలకులు చూపించాను. "ఇదీ బాగనే ఉంది. అయితే సోంపు మంచిదంటావా, ఇది మంచిదంటావా?" అని అడిగింది. ఫోనులో చదివిందంతా అప్పజెప్పాను. సోంపు వల్ల అరుగుదల, ఏలకుల వల్ల నోటికి వాసన, దాల్చినచెక్క వల్ల ఇంకోటేదో. అవ్వ శ్రద్ధగా విని, "అయితే దాల్చినచెక్క వేడి చేయదా?" అన్నది. చూసి చెబుతానన్నాను. "చూసి చెప్పు. తొందరేముంది, తప్పుగా మొదలుపెట్టకూడదు గదా. రేపు ఖాయం చేద్దాం. ఈ పూటకు ఇది ఉండనీ" అని తిత్తిలోంచి పొగాకు తీసి దవడన పెట్టుకుంది.

రేపు వచ్చింది. ఆ రేపు వెళ్లి ఇంకో రేపు కూడా వచ్చింది. లవంగం మంటగా ఉంది, వాము చేదు, పటికబెల్లం పళ్లకు తగులుతుంది, ఖర్జూరం తీపి కాబట్టి శొంఠి చూడాలి, శొంఠి చూశాం కాబట్టి మళ్లీ మొదటిదే నయమేమో ఒకసారి సోంపు ఇవ్వు. ప్రతి విచారణకూ చివర్న పొగాకు తప్పనిసరి. పైగా ఇంట్లో పార్టీలు పుట్టాయి. అమ్మది లవంగాల పార్టీ, నాది ఏలకుల పార్టీ, మేనత్త రోజూ ఫోన్ చేసి "ఉసిరి చూసినాదా లేదా" అని అడిగే ఉసిరి పార్టీ. వీధిలో ఆడవాళ్లు మధ్యాహ్నాలు వచ్చి అవ్వ మంచం చుట్టూ కూర్చుని డబ్బాలు మూతలు తీసి రుచి చూసి, తలా ఒక సలహా ఇచ్చి పోయేవాళ్లు. అవ్వ వాళ్లందరికీ సభాధ్యక్షురాలిలాగా, "మా పాప శానా కష్టపడతా ఉంది నాకోసం. ఇన్ని తెచ్చింది. ఏదో ఒకటి తేలిందంటే మానేస్తా" అని చెప్పేది. ఆ మాట ఎడమ బుగ్గ ఉబ్బుగా ఉండగానే చెప్పేది. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది ఒక మధ్యాహ్నం. ఆకులో వక్క, పొగాకు పెట్టి, పైన రెండు ఏలకులు, చిటికెడు రంగు సోంపు చల్లి మడుస్తూ ఉంది. పొగాకు మానడం అటుంచి పొగాకుకు మసాలా సమకూర్చి పెట్టాను నేను.

"ఇదేంది అవ్వా?" అన్నాను.

"నువ్వు తెచ్చినవే గదా. వదిలేస్తే నీ మనసు నొచ్చుకోదా?" అన్నది.

వేసవి పోయి వానలు మొదలయ్యాయి. అవ్వ మజ్జిగన్నంలోకి ఊరగాయ కూడా మానేసింది. అమ్మ రోజూ టార్చి వేసి చూసి ఏమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. అడిగితే "అట్లనే ఉంది" అనేది. పెరిగిందని మాకు అర్థమయ్యేది. నాకు కోపం ఎంతుండేదో భయం అంతుండేది. రెండూ కలిసి నన్ను రాత్రింబవళ్లు ఆ ఫోను ముందు కూర్చోబెట్టి ఇంకా కొత్తవి వెతికించేవి. వెతికినకొద్దీ దొరికేవి. దొరికినకొద్దీ డబ్బాలు పెరిగేవి.

ఆ రోజుల్లోనే నాయన నన్ను దుకాణంలో కూడా కూర్చోబెట్టేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్లినప్పుడు కొనకనమిట్ల వైపు నుంచి పెళ్లి బట్టలకని ఒక కుటుంబం వచ్చింది. పెళ్లికూతురి తల్లికి కావలసింది చాలా స్పష్టం. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. మొదటి చీర చూడగానే ఆమె చెయ్యి దాని మీద పడింది, తీయలేదు. అక్కడితో నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "ఇంకా ఉన్నాయి అత్తా, చూడండి" అని చిలకపచ్చ తీశాను. మొదటిదాని మీద నుంచి ఆమె చెయ్యి కాస్త జరిగింది. నాచుపచ్చ, మెంతిపచ్చ, మామిడిపిందెల అంచు, గుడి గోపురాల అంచు, అంచు లేనిది, ఆకుపచ్చలో రెండు రంగులు మెరిసేది. బీరువాలో ఉన్నదంతా పరుపు మీదికి వచ్చింది. మొదట వాళ్ల ముఖాల్లో సంతోషం, తర్వాత అయోమయం, తర్వాత నీరసం కనిపించాయి. చివరికి ఆమె లేచి, చీర కుచ్చెళ్లు దులుపుకుని, "ఇంట్లో మగవాళ్లను కూడా అడిగి ఇంకోసారి వస్తాంలే పాపా" అన్నది. అట్లా అని వెళ్లినవాళ్లు మళ్లీ రారని దుకాణంలో పుట్టి పెరిగిన నాకు తెలియక కాదు.

నాయన వచ్చేసరికి చీరల గుట్టలో నేను మెడ దాకా ఉన్నాను. సంగతి విని, పక్కన కూర్చుని, చీరలు మడవడం మొదలుపెట్టాడు. మడుస్తూనే అన్నాడు.

"ఆమెకు కావలసింది నువ్వు మిగతావి చూపించేదాకా ఉండింది పాపా. నువ్వు చూపించినావు, పోయింది."

"మంచివి చూపిస్తే తప్పేంది నాయనా?"

"అన్నీ చూపించినాక ఏది తీసుకున్నా మిగతావి వదులుకున్నట్లే ఉంటాది గద తల్లీ. ఆ బాధెందుకని లేచిపోతారు. మీ అవ్వ ఈ పరుపు మీద ఉన్నప్పుడు రెండే పరిచేది. మూడోది అడిగితే ముందుగా ఒకటి మడిచి లోపల పెట్టేది. అది మడుస్తా ఉంటే వాళ్లకు అదే కావాలనిపించేది."

ఎంత చక్కగా చెప్పాడో మా నాయన. చెప్పి, మడవడం ముగించి, చొక్కా జేబులో చెయ్యి పెట్టి ఒక పొట్లం తీశాడు. "మందుల దుకాణంలో ఇచ్చినారు. పొగాకు మానేవాళ్లు నమిలే బిళ్లలంట. రుచులు నాలుగు రకాలుంటే నాలుగూ తెచ్చినాను. అవ్వకు ఏది నచ్చుతుందో ఏమో" అన్నాడు. నేను ఆయన ముఖం వైపు చూస్తూ ఉండిపోయాను. "ఏంది అట్ల చూస్తావు?" అని విసుక్కున్నాడు. పరుపు మీద కూర్చుంటే ఇంత తెలివిగల మనిషి గడప దాటి ఇంట్లోకి రాగానే ఆ తెలివి చెప్పులతోపాటు బయటే వదిలేస్తాడని నాకు అప్పుడే తెలిసింది. నా సంగతి ఇంకా అన్యాయం. నాకు అటూ లేదు, ఇటూ లేదు.

సాయంత్రం ఇంటికి పోయి డబ్బాలన్నీ సంచుల్లోకి ఎత్తేశాను. సగం వీధిలో ఆడవాళ్లకు పంచిపెట్టాను, మిగతావి గిద్దలూరుకు తిరుగు బస్సు ఎక్కించాను. (మేనత్త నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.) రెండే ఉంచాను. కరక్కాయ ముక్క, ఎండు ఉసిరి ముక్క. మిగతావన్నీ నమిలి మింగేసేవి. ఇవి రెండే దవడన పెట్టుకుంటే చాలాసేపు నిలిచేవి. ఆ మాట ఫోనులో ఎక్కడా లేదు, అవ్వ దవడ వైపు రోజూ గుర్రుగా చూసీ చూసీ నాకే తోచింది. రెండూ రెండు తమలపాకుల మీద పెట్టి అవ్వ ముందు ఉంచి, నా జీవితంలో మొదటిసారి ఏమీ వివరించకుండా ఊరుకున్నాను.

అవ్వ వాటి వైపు చూసింది. నా వైపు చూసింది. కుడి బుగ్గన నవ్వు మొదలై ఎడమ బుగ్గ దగ్గర ఆగింది.

"ఏమ్మే, నాకే రెండు పరుస్తున్నావా?"

దొరికిపోయాను.

"ఆ కత నేను మీ నాయనకు నేర్పించినాను, మీ నాయన నీకు నేర్పించినాడు. నువ్వొచ్చి నా ముందరే పెడతావా? నేను గిరాకీని గాదు, తీసుకపో" అని రెండాకులూ పక్కకు నెట్టి, తిత్తి ముడి విప్పింది.

అప్పుడు నాలో ఏదో తెగింది. నేను ఏడ్చాను. చదువుకున్నదాన్నని గాని, అవ్వ ముందర అట్లా మాట్లాడకూడదని గాని ఏదీ గుర్తులేదు. "పెద్దారవీడు అవ్వకు గుడ్డ పిండినట్లు నీ నోట్లో కూడా గంజి పిండమంటావా? నేను పిండలేను అవ్వా. చెప్తా ఉండా, నా వల్ల కాదు. అమ్మతోనే పిండించుకో" అని అరిచి పెరట్లోకి వెళ్లిపోయాను. ఇంట్లో ఇన్ని నెలలుగా ఎవరూ ఎత్తని పేరు నేను ఎత్తేశాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. అవ్వ చాలాసేపు తిత్తి తాడు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుందని అమ్మ తర్వాత చెప్పింది. చివరికి ముక్క మాత్రం పెట్టుకుందట. అలవాటుకు దుఃఖంతో పనేముంది.

మరుసటి శుక్రవారం అవ్వ ఎప్పటిలాగే దుకాణానికి బయల్దేరింది. నేను ముందుగానే వెళ్లి, ఊడ్చి, పరుపు మీద ఉతికిన దుప్పటి పరిచి, సిద్ధంగా కూర్చున్నాను. అవ్వ స్కూటరు దిగి, ఒక్కొక్క మెట్టూ ఎక్కి లోపలికి వచ్చింది. దీపం పెట్టింది. దండం పెట్టుకుని ఇటు తిరిగేసరికి పరుపు మీద రెండు తమలపాకులు, ఒకదాని మీద కరక్కాయ, ఒకదాని మీద ఉసిరి ఉన్నాయి.

"రా అవ్వా, కూర్చో. ఈ పొద్దు ముందు మెట్టెక్కింది నువ్వే" అన్నాను.

"నేను దుకాణం మనిషిని."

"గిరాకీని గాదన్నావు ఆ రోజు. ఇంటికాడ కాకపోతివి. ఈడ ఎవరు ముందు ఎక్కితే వాళ్లదే గదా బోణీ. నువ్వు చెప్పిందే."

అవ్వ నాయన వైపు చూసింది. నాయన బీరువాలో లేని చీర కోసం తెగ వెతుకుతున్నాడు. సరిగ్గా ఆ సమయానికి ఎవరో ఒకామె చేతిలో సంచీతో మెట్టు మీద కాలు పెట్టబోయింది. నాయన అంత లోపలి నుంచి కూడా చూసి, "ఒక్క నిమిషం ఆడనే ఉండమ్మా, బోణీ అవుతా ఉంది" అన్నాడు. ఆమె కాలు వెనక్కి తీసుకుని, తప్పు చేసినదానిలాగా గోడకు ఒదిగి నిలబడింది. ఎవరి బోణీ ఎవరు చెడగొడతారు మా బజారులో.

అవ్వ మెల్లగా కూర్చుంది. కరక్కాయ ముక్క పట్టుకుని చూసింది. పట్టుకున్నాక కాని తాను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. సరుకు పట్టుకుని వద్దనకూడదు. ఉసిరి ముక్క కూడా పట్టుకుని చూసింది. అలవాటు చొప్పున, "ఇంకేమన్నా ఉంటే..." అన్నది.

నేను మాట్లాడకుండా ఉసిరి ఉన్న ఆకు మడిచి లోపల పెట్టబోయాను.

"ఉండవే, మడుస్తావేంది" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ ఉసిరి ముక్కే తీసి గుప్పిట్లో పెట్టుకుంది. పెట్టుకుని, నా వైపు చూసి, తన చట్టం తన మీదే పడిందని తెలుసుకుంది. తర్వాత, "సరే, ఇంటికాడ ఇస్తాలే దీని డబ్బులు" అంటూ లేవబోయింది.

"బోణీ అప్పు పెట్టకూడదు గదా అవ్వా."

"నా కాడ చిల్లర లేదే."

"ఏదుంటే అదియ్యి."

అవ్వ నడుము దగ్గర చెయ్యి పెట్టింది. అక్కడ ఉన్నది ఒక్కటే. బయట ఆమె ఎండలో నిలబడి ఉంది. నాయన చీర వెతకడం మానేసి ఇటే చూస్తున్నాడు. అవ్వ తిత్తి ముడి విప్పి, నోట్లో ముక్క కూడా తీసి, అంతా కలిపి తాడు బిగించి, నా చేతిలో పెట్టింది. "నా దుకాణంలో నాకే బోణీ జేసినారు గదరా తల్లీకొడుకులు" అన్నది. (నాయన నన్ను తల్లీ అని పిలుస్తాడు కాబట్టి ఆమె లెక్కలో నేను ఆయన తల్లినే.) నాయన ముఖం తుడుచుకుని, బయట ఉన్నామెను రమ్మన్నాడు.

అంతటితో అయిపోయిందని నేను చెప్పను. రెండు వారాలు అవ్వ ఇంట్లో ఉన్న ప్రతి మనిషినీ, ఆవునూ, కరెంటునూ తిట్టింది. బియ్యం డబ్బాలో దాచిన పొగాకు కాడ ఒకటి, దేవుడి పటం వెనక ఒకటి దొరికాయి. అమ్మకు ఓపిక నశించి, ఇంక పెట్టుకోనీ పో అన్న రోజు కూడా ఉంది. కానీ రోజూ పొద్దున్నే అవ్వ స్కూటరెక్కి దుకాణానికి వచ్చేది. శుక్రవారం ఒక్కటే కాదు, అన్ని రోజులూ. వచ్చి పరుపు ముందు కూర్చుని, ఎంతో విసుగ్గా, "పరచవే" అనేది. నేను రెండు పరిచేదాన్ని. ఒకటి తీసుకునేది. చేతిలో తమలపాకో, పువ్వో, ఏదో ఒకటి పెట్టేది. ఏం పెట్టినా ఆమెకు బోణీ చెడేది కాదు. దసరాకు డాక్టరు టార్చి వేసి చూసి, మచ్చ చాలా తగ్గిందనీ, ముక్క తీయనక్కర్లేదనీ చెప్పి, "ఎట్లా మానగలిగావు అవ్వా?" అని అడిగాడు.

"మానిందెక్కడ నాయనా, బేరంలో పోయింది" అన్నది అవ్వ.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె గోంగూర పచ్చడి అడిగింది. అమ్మ భయపడుతూ కొంచెమే వేసింది. అవ్వ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, ఎడమ దవడ వైపే నమిలింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. మేమందరం చేతులు ఆపి చూస్తున్నాము. కొంగుతో కళ్లు తుడుచుకుని, "కారం తక్కువైంది" అన్నది. అమ్మ వంటింట్లోకి పోయి ఎంతసేపటికీ రాలేదు. తర్వాత అవ్వ చాలా ఏళ్లు బతికింది. పోయేటప్పుడు కూడా నోటి జబ్బుతో పోలేదు.

ఇప్పుడు నేను ఆ రోజుల నాటి మా అమ్మ వయసుకు దగ్గర పడుతున్నాను. మొన్నీమధ్య డాక్టరమ్మ నా రక్తపోటు చూసి, రోజూ అరగంట నడవమన్నది. అంతే చెప్పింది పాపం, ఒక్క మాట. మిగతాదంతా నేనే చేసుకున్నాను. పొద్దున నడవాలా, సాయంత్రం నడవాలా అని వారం. మేడ మీదా, రోడ్డు మీదా అని ఇంకో వారం. ఫోనులో అడుగులు లెక్కపెట్టే యాప్‌లు ఎన్ని రకాలున్నాయో అన్నీ దించి చూశాను. దేనికదే బాగుంది. నిన్న బూట్ల దుకాణానికి వెళ్తే అక్కడి అబ్బాయి ఓపికగా ఒక్కొక్క జతా తీసి నా కాళ్లకు తొడుగుతూ పోయాడు. చుట్టూ పెట్టెలు పేరుకుపోయాయి. ఎనిమిదో తొమ్మిదో జత దగ్గర, "బాగనే ఉంది. ఇంకేమన్నా ఉంటే చూపించు" అన్న గొంతు వినిపించి ఉలిక్కిపడ్డాను. అది నా గొంతే. నాకు నవ్వొచ్చింది. అవ్వ అక్కడ ఉంటే ఎంత బాగుండేది అనిపించి, నవ్వు మధ్యలో కళ్లు కూడా తడిశాయి. ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. ఇంట్లో అడిగి ఇంకోసారి వస్తానని చెప్పి, పాత చెప్పులు వేసుకుని ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చాను. డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నేను నడిచింది ఆ కాస్త దూరమే.